ఏ తెర మీదైనా సర్దుకునే వెబ్ పేజీని తయారు చేయడం ఎలా?

వెబ్ పేజీలు తయారు చేయడం కొత్తగా నేర్చుకుంటున్నవారు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటుంది: "పేజీని ఏ రెజల్యూషన్‌కు తగ్గట్టు డిజైన్ చేయాలి? 1366 × 768 కా, 1920 × 1080 కా, లేక ముందు ఫోన్‌కా?" ఈ ప్రశ్నకు జవాబుగా ఒక అంకె చెప్పడం కుదరదు. ఏ ఒక్క కొలతను పట్టుకుని పేజీ కట్టినా మిగిలిన తెరల మీద అది ఇరుకుగానో వెలితిగానో కనిపిస్తుంది. పోనీ ఒక్కొక్క తెరకూ విడిగా చేద్దామంటే ఆ జాబితాకు అంతు ఉండదు. అందువల్ల తెరల జాబితాను పక్కన పెట్టి, దొరికిన వెడల్పులో తనంతట తాను సర్దుకునే పేజీని ముందు కట్టుకోవాలి, అది ఎక్కడ సర్దుకోలేక ఇబ్బంది పడుతుందో అక్కడ మాత్రమే మనం చేయి వేయాలి. ఈ పద్ధతికి 2010లో ఈథన్ మార్కాట్ రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ అని పేరు పెట్టారు, నేటికీ అదే పేరు వాడుకలో ఉంది.

ట్యాగ్‌ల పేర్లూ పేజీ రూపాన్ని నిర్ణయించే భాష అయిన సీఎస్ఎస్‌లోని ప్రాపర్టీల (గుణాల) పేర్లూ పలికే తీరులోనే ఇక్కడ తెలుగు అక్షరాలతో రాస్తున్నాను. మీ ఫైలులో మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాలతోనే టైపు చేయాలి.

ముందు తీర్చుకోవలసిన అనుమానం

ఫోన్ పెట్టె మీద అచ్చు వేసిన రెజల్యూషన్, మీ పేజీకి దొరికే వెడల్పు ఒకటి కావు. 2010లో వచ్చిన ఐఫోన్ 4 తెర మీద 640 × 960 చుక్కలు ఉండేవి. కానీ వెబ్ పేజీకి అది 320 × 480 పిక్సెళ్ల తెరగానే కనిపించేది, ఎందుకంటే ఒక్కొక్క సీఎస్ఎస్ పిక్సెల్‌ను అది అడ్డంగా రెండు, నిలువుగా రెండు చుక్కలతో గీసేది. నేటి ఫోన్లలో ఈ నిష్పత్తి 3 వరకూ, కొన్నిటిలో అంతకు మించీ ఉంటుంది. కాబట్టి 1080 చుక్కల వెడల్పున్న ఫోన్‌లో మీ పేజీకి దక్కేది సుమారు 360 సీఎస్ఎస్ పిక్సెళ్లే. అదే విధంగా పెద్ద మానిటర్ ఉన్నవారు బ్రౌజర్ కిటికీని సగానికి కుదించుకుని చదువుతూ ఉండవచ్చు, లేదా 1280 పిక్సెళ్ల కిటికీని 200% జూమ్‌లో పెట్టుకోవచ్చు. అప్పుడు పేజీకి మిగిలేది 640 పిక్సెళ్లు. మనం లెక్కలోకి తీసుకోవలసింది ఈ మిగిలిన వెడల్పునే. దీనినే వ్యూపోర్ట్ అంటారు.

కావలసినవి

ఒక టెక్స్ట్ ఎడిటర్, క్రోమ్ లేదా ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్, పరీక్షించడానికి కనీసం ఒక నిజమైన ఫోన్ సిద్ధంగా ఉంచుకోండి. వీటన్నిటికంటే ముఖ్యమైనది పేజీలో పెట్టబోయే అసలు సరుకు. ఉత్తుత్తి వాక్యాలతో డిజైన్ చేస్తే అన్నీ అందంగా ఇమిడిపోతాయి; నిజమైన శీర్షికల్లో అతి పొడవైనది, నిజమైన పట్టికల్లో అతి వెడల్పైనది తెచ్చి పెట్టినప్పుడే లోపాలు బయటపడతాయి. బూట్‌స్ట్రాప్ వంటి ఫ్రేమ్‌వర్క్ (ముందే రాసి పెట్టిన కోడ్ సముదాయం) తప్పనిసరి కాదు. ఇప్పటికే దానితో పని చేస్తున్నవారు దానినే కొనసాగించవచ్చు, అయితే కింద చెప్పిన తప్పులు అందులోనూ జరుగుతాయి కనుక పరీక్షలను మాత్రం వదిలిపెట్టకండి.

పని చేసే క్రమం

1. వ్యూపోర్ట్ ట్యాగ్ పెట్టండి. పేజీ హెడ్ భాగంలో ఒక మెటా ట్యాగ్ రాసి, దాని నేమ్ విలువగా వ్యూపోర్ట్ అనీ, కంటెంట్ విలువగా "విడ్త్=డివైస్-విడ్త్, ఇనిషియల్-స్కేల్=1" అనీ ఇవ్వండి. ఇది లేకపోతే ఫోన్ బ్రౌజర్ మీ పేజీని పాతకాలపు డెస్క్‌టాప్ పేజీగా భావించి, సుమారు 980 పిక్సెళ్ల వెడల్పులో అమర్చి, ఆ మొత్తాన్ని చిన్న తెరలోకి కుదించి చూపిస్తుంది. మీడియా క్వెరీలన్నీ (తెర కొలతను బట్టి వర్తించే సీఎస్ఎస్ నియమాలు) సరిగ్గానే రాశాను, ఫోన్‌లో ఒక్కటీ పని చేయడం లేదు అని వాపోయేవారి పేజీల్లో చాలాసార్లు లోపించేది ఈ ఒక్క వరుసే.

హెచ్చరిక: ఇదే ట్యాగ్‌లో యూజర్-స్కేలబుల్=నో అనో, మాక్సిమమ్-స్కేల్=1 అనో చేర్చకండి. చూపు తక్కువగా ఉన్నవారు రెండు వేళ్లతో పేజీని పెద్దది చేసుకోకుండా అవి అడ్డుపడతాయి. ఐఫోన్‌లోని సఫారీ ఐఓఎస్ 10 నుంచి ఆ నిషేధాన్ని లెక్కచేయడం మానేసింది, ఇతర బ్రౌజర్ల మీద మాత్రం అది పని చేయవచ్చు.

2. సీఎస్ఎస్ లేకుండా పేజీని ఒకసారి చదవండి. స్టైల్‌షీట్‌ను, అంటే సీఎస్ఎస్ ఫైలును, తాత్కాలికంగా తీసివేసి చూడండి. శీర్షిక, ముఖ్య విషయం, అనుబంధ విషయం, అడుగు భాగం అనే వరుస అర్థవంతంగా ఉంటే చిన్న తెర పని సగం పూర్తయినట్టే, ఎందుకంటే ఇరుకు తెర మీద పేజీని దాదాపు ఇదే వరుసలో నిలువుగా పేరుస్తారు. వరుస తప్పుగా ఉంటే పేజీ సరుకు ఉండే హెచ్‌టీఎంఎల్ ఫైలులోనే సరిచేయండి. ఆర్డర్ అనే ప్రాపర్టీతో కంటికి మాత్రమే స్థానాలు మార్చితే, కీబోర్డ్‌లోని ట్యాబ్ మీటతో కదిలేవారికీ తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడేవారికీ పాత వరుసే ఎదురవుతుంది.

3. బిగించిన వెడల్పులను సడలించండి. స్టైల్‌షీట్‌లో అన్ని ఎలిమెంట్లకూ బాక్స్-సైజింగ్ విలువను బోర్డర్-బాక్స్‌గా పెట్టండి. దీనివల్ల ప్యాడింగ్ (పెట్టె లోపలి ఖాళీ), అంచుగీత రెండూ వెడల్పు లెక్కలోనే కలుస్తాయి. లేకపోతే 100% వెడల్పున్న పెట్టెకు ఇరువైపులా 20 పిక్సెళ్ల ప్యాడింగ్ చేర్చగానే అది 40 పిక్సెళ్లు బయటికి పొంగిపోతుంది. తరువాత ఫైలులో విడ్త్ అనే మాటను వెతికి, పెద్ద పిక్సెల్ విలువ ఉన్న ప్రతి చోటా ఆగండి. ముఖ్యమైన పెట్టెకు విడ్త్ 1100 పిక్సెళ్లు అని ఉంటే దానిని మాక్స్-విడ్త్‌గా మార్చండి. అప్పుడు తెర పెద్దదైతే పెట్టె 1100 వద్ద ఆగుతుంది, చిన్నదైతే దానితోపాటే తగ్గుతుంది. కుడి ఎడమల మార్జిన్ (పెట్టె బయటి ఖాళీ) ఆటో అని ఇస్తే మధ్యలో నిలుస్తుంది. హైట్ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం: అక్షరాలున్న పెట్టెకు ఎత్తును ఎన్నడూ బిగించకండి, తప్పనిసరైతే మిన్-హైట్ వాడండి. వెడల్పు తగ్గితే వాక్యాలు కిందికి దిగుతాయి, బిగించిన ఎత్తులోంచి అవి కారిపోయి కింది పెట్టె మీద పడతాయి.

4. బొమ్మలను అదుపులో పెట్టండి. బొమ్మలకు మాక్స్-విడ్త్ 100%, హైట్ ఆటో అనే రెండు నియమాలు రాయండి. మొదటిది మాత్రమే రాసి రెండవది మరిచిపోతే బొమ్మలు సాగదీసినట్టు కనిపిస్తాయి. ట్యాగ్‌లో ఇచ్చిన ఎత్తు అలాగే ఉండి వెడల్పు మాత్రమే తగ్గడం దీనికి కారణం. అలాగని ట్యాగ్‌లోంచి విడ్త్, హైట్ విలువలను తీసివేయకండి. బొమ్మ దిగుమతి కాకముందే దానికి ఎంత చోటు వదలాలో బ్రౌజర్ వాటి నిష్పత్తిని బట్టే తెలుసుకుంటుంది. అవి లేకపోతే చదువుతున్న వాక్యం ఉన్నట్టుండి కిందికి జారుతుంది.

తరువాతిది బరువు. 1600 పిక్సెళ్ల బొమ్మను ఫోన్‌లో వేలెడంత చోట చూపించడం డేటాను దండగ చేయడమే. ఒకే బొమ్మను 400, 800, 1600 పిక్సెళ్ల వెడల్పుల్లో తయారు చేసి, మూడింటినీ ఐఎంజీ ట్యాగ్‌లోని ఎస్ఆర్‌సీసెట్‌లో వాటి వెడల్పులతో సహా ఇవ్వండి. పక్కనే సైజెస్ అనే చోట ఆ బొమ్మ పేజీలో నిజంగా ఎంత చోటు ఆక్రమిస్తుందో చెప్పాలి. దీనిని వదిలేస్తే, బొమ్మ కిటికీ వెడల్పంతా పరుచుకుంటుందని బ్రౌజర్ అనుకుంటుంది. ఆ లెక్కన 1280 పిక్సెళ్ల కిటికీలో మూడు నిలువు వరుసల మధ్య కూర్చున్న చిన్న బొమ్మకు కూడా 1600 పిక్సెళ్ల ఫైలునే తెచ్చుకుంటుంది. ఇరుకు తెర కోసం బొమ్మను వేరే విధంగా కత్తిరించి చూపాలనుకుంటే పిక్చర్ ట్యాగ్ వాడండి. బొమ్మను డిస్‌ప్లే నన్‌తో దాచేస్తే చాలని కొందరు భావిస్తారు. మామూలు ఐఎంజీ ట్యాగ్‌తో పెట్టిన బొమ్మ అలా దాచినా దిగుమతి అవుతూనే ఉంటుంది.

5. అక్షరాల పరిమాణం నిర్ణయించండి. అసలు వచనానికి 1 రెమ్ (బ్రౌజర్ మూల అక్షర పరిమాణం), అంటే మామూలుగా 16 పిక్సెళ్లు, అంతకంటే తగ్గకుండా ఉంచండి. పెద్ద శీర్షికలకు క్లాంప్ అనే ఫంక్షన్ బాగా పనికివస్తుంది. దానికి మూడు విలువలు ఇస్తాం: తగ్గకూడని హద్దు, పెరిగే తీరు, మించకూడని హద్దు. ఉదాహరణకు 1.5 రెమ్, 1 రెమ్ + 2.5 వీడబ్ల్యూ (వీడబ్ల్యూ అంటే కిటికీ వెడల్పులో నూరో వంతు), 3 రెమ్ అని ఇస్తే శీర్షిక 320 పిక్సెళ్ల వెడల్పులో 24 పిక్సెళ్లుగా మొదలై, 800లో 36కు చేరి, 1280లో 48 వద్ద ఆగిపోతుంది. మధ్య విలువలో వీడబ్ల్యూ ఒక్కటే పెట్టకండి, రెమ్ కూడా కలపండి. వీడబ్ల్యూ కిటికీ వెడల్పును మాత్రమే చూస్తుంది కనుక, చదివేవారు బ్రౌజర్‌లో జూమ్ చేసినా అక్షరం పెరగదు.

పెద్ద తెర మీద వాక్యం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పరుచుకోకుండా వచనం ఉన్న పెట్టెకు 40 రెమ్ అటూ ఇటుగా మాక్స్-విడ్త్ ఇవ్వండి. తెలుగు పేజీ అయితే లైన్-హైట్‌ను ఇంగ్లీషు పేజీల్లో వాడే 1.5 కంటే కొంచెం పెంచి 1.7 లేదా 1.8 దగ్గర ఉంచడం నాకు నచ్చిన పద్ధతి. పై వరుసలోని వత్తులూ కింది వరుసలోని గుడులూ ఒకదానికొకటి తగలకుండా ఉంటాయి. దీనికి పిక్సెళ్లలో విలువ ఇవ్వకండి, ఉత్త సంఖ్య ఇవ్వండి. అక్షరం పెరిగినప్పుడు వరుసల మధ్య ఎడమూ దానితోపాటు పెరుగుతుంది.

6. వరుసలను సీఎస్ఎస్‌లోని అమరిక పద్ధతులైన గ్రిడ్‌తోనో ఫ్లెక్స్‌బాక్స్‌తోనో అమర్చండి. ఒకే రకం పెట్టెలు అనేకం ఉన్న చోట గ్రిడ్‌కు ఒక్క నియమం సరిపోతుంది, మీడియా క్వెరీ అవసరమే రాదు. గ్రిడ్-టెంప్లేట్-కాలమ్స్ విలువలో రిపీట్ రాసి, అందులో ఆటో-ఫిట్ అనీ, మిన్‌మాక్స్‌లో 16 రెమ్, 1 ఎఫ్ఆర్ (మిగిలిన చోటులో ఒక వాటా) అనీ ఇవ్వండి. పెట్టెల మధ్య ఎడం 1 రెమ్ అనుకుంటే, 900 పిక్సెళ్ల చోటులో మూడు నిలువు వరుసలు, 600లో రెండు, 360లో ఒకటి వాటంతట అవే ఏర్పడతాయి. చోటు 16 రెమ్‌ల కంటే కూడా తక్కువైనప్పుడు పెట్టె పొంగకుండా ఉండాలంటే, 16 రెమ్ అన్న చోట మిన్ ఫంక్షన్‌లో 16 రెమ్, 100% అనే రెండు విలువలు ఇవ్వండి.

మెనూలు, బటన్ల వరుసల వంటి ఒకే దిశలో సాగేవాటికి ఫ్లెక్స్‌బాక్స్ అనువైనది. ఫ్లెక్స్-ర్యాప్ విలువను ర్యాప్ అని పెట్టడం మరిచిపోకండి. అది లేకపోతే పట్టనివి కిందికి దిగకుండా ఒకే వరుసలో కుక్కుకుంటాయి. గ్రిడ్‌ను 2017 నుంచి ప్రధాన బ్రౌజర్లన్నీ అర్థం చేసుకుంటున్నాయి కాబట్టి, ఫ్లోట్‌లతో వరుసలు కట్టే పాత పాఠాలు మీకు ఎదురైతే వాటిని నిస్సంకోచంగా వదిలేయవచ్చు.

7. ఇప్పుడు మాత్రమే బ్రేక్‌పాయింట్లు (అమరిక మారాల్సిన వెడల్పులు) పెట్టండి. చాలామంది ఇక్కడి నుంచే పని మొదలుపెడతారు. చిక్కులన్నీ అక్కడే మొదలవుతాయి. ఫలానా ఫోన్ 375, ఫలానా ట్యాబ్లెట్ 768 అని రాసుకుని ఒక్కొక్కదానికి ఒక్కొక్క మీడియా క్వెరీ రాస్తే, ఆ కొలతల దగ్గర పేజీ ముచ్చటగా ఉంటుంది, వాటి మధ్యనున్న 600 దగ్గరో 850 దగ్గరో చెదిరిపోతుంది. పైగా ఆ ఫోన్లు మూడేళ్లలో పాతబడతాయి. అందుకు బదులు ఇలా చేయండి.

పేజీని 320 పిక్సెళ్ల వెడల్పులో తెరిచి, అక్కడ బాగా కనిపించేలా మూల నియమాలను ఏ మీడియా క్వెరీ లేకుండా రాయండి. తరువాత వెడల్పును మెల్లగా పెంచుతూ వెళ్లండి. ఏదో ఒక చోట వాక్యాలు మరీ పొడవైనట్టో, పక్కన చోటు ఊరికే పడి ఉన్నట్టో అనిపిస్తుంది. ఆ వెడల్పే మీ మొదటి బ్రేక్‌పాయింట్. ఆ అంకె 612 వచ్చినా సరే, 700 వచ్చినా సరే. అక్కడ మిన్-విడ్త్‌తో మీడియా క్వెరీ రాసి పక్కన రెండో నిలువు వరుసను తీసుకురండి, మళ్లీ పెంచుతూ వెళ్లండి. సాధారణ పేజీకి రెండు మూడు బ్రేక్‌పాయింట్లు చాలు. ఆరు దాటాయంటే పై మెట్లలో ఎక్కడో వెడల్పు బిగించి ఉందని అనుమానించాలి.

బ్రేక్‌పాయింట్ విలువను పిక్సెళ్లలో కాకుండా ఈఎంలలో (మూల అక్షర పరిమాణానికి ఎన్ని రెట్లో చెప్పే కొలత) రాయడం మంచిది. 48 ఈఎం అంటే మామూలుగా 768 పిక్సెళ్లు. చదివేవారు బ్రౌజర్‌లో మూల అక్షర పరిమాణాన్ని 20 పిక్సెళ్లకు పెంచుకుని ఉంటే అదే 960 అవుతుంది, పెద్ద అక్షరాలకు తగినంత చోటు దొరికేదాకా పేజీ ఒకే నిలువు వరుసలో ఉంటుంది. ఈ విషయంలో మూడు పొరపాట్లు పదే పదే కనిపిస్తాయి. మొదటిది, మిన్-విడ్త్ క్వెరీలను చిన్న నుంచి పెద్దకు కాక అడ్డదిడ్డంగా రాయడం. సమాన బలమున్న నియమాల్లో కింద ఉన్నదే చెల్లుతుంది కనుక పెద్ద తెర నియమాన్ని చిన్న తెర నియమం తుడిచిపెడుతుంది. రెండవది, ఒక చోట మాక్స్-విడ్త్ 768 అనీ మరో చోట మిన్-విడ్త్ 768 అనీ రాయడం; సరిగ్గా 768 దగ్గర రెండూ వర్తిస్తాయి. మూడవది, బ్రేక్‌పాయింట్ విలువను సీఎస్ఎస్ వేరియబుల్‌లో దాచి క్వెరీ షరతులో వాడడం. అక్కడ వేరియబుల్ పని చేయదు, తప్పు జరిగిందని ఎవరూ చెప్పరు కూడా.

ఒకే పెట్టె ఒక పేజీలో వెడల్పైన మధ్య భాగంలో, ఇంకో పేజీలో ఇరుకైన పక్క పట్టీలో కనిపించాల్సి వస్తే కిటికీ వెడల్పు మీకు ఉపయోగపడదు. అప్పుడు కంటైనర్ క్వెరీ వాడండి. దానిని చుట్టి ఉన్న ఎలిమెంట్‌కు కంటైనర్-టైప్ విలువను ఇన్‌లైన్-సైజ్‌గా ఇచ్చి, లోపలి వాటికి కంటైనర్ షరతుతో నియమాలు రాయాలి. ఏ ఎలిమెంట్‌కు కంటైనర్-టైప్ ఇచ్చామో ఆ ఎలిమెంట్ రూపాన్నే ఆ షరతుతో మార్చలేం, దాని లోపలివాటిని మాత్రమే మార్చగలం. 2023 ఫిబ్రవరి నుంచి ప్రధాన బ్రౌజర్లన్నిటిలోనూ ఇది పని చేస్తోంది.

8. మొండివాటిని విడిగా చూసుకోండి. పట్టికలు తమంతట తాము కుదించుకోవు. పట్టికను ఒక డివ్‌లో పెట్టి, ఆ డివ్‌కు ఓవర్‌ఫ్లో-ఎక్స్ ఆటో ఇస్తే పేజీ కదలకుండా పట్టిక ఒక్కటే పక్కకు జరుగుతుంది. చొప్పించిన వీడియోలకు విడ్త్ 100%, హైట్ ఆటో, ఆస్పెక్ట్-రేషియో 16/9 సరిపోతాయి. పొడవైన వెబ్ చిరునామాలకూ, సమాసాలు కలిసిపోయి సాగిపోయే తెలుగు మాటలకూ ఓవర్‌ఫ్లో-ర్యాప్ విలువను ఎనీవేర్ అని ఇవ్వండి. పట్టనప్పుడు మాత్రమే మాట విరుగుతుంది.

9. వేలితో తాకేవారిని గుర్తుంచుకోండి. వెబ్ పేజీలు వికలాంగులతో సహా అందరికీ అందేలా చూసే డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణం తాకే చోటుకు కనీసం 24 × 24 పిక్సెళ్లు కోరుతుంది. అది కనిష్ఠం, హాయిగా తాకాలంటే 44 నుంచి 48 వరకూ ఇవ్వండి. మౌస్‌ను పైన నిలిపితేనే తెరుచుకునే మెనూ ఫోన్‌లో పనికిరాదు కనుక దానిని నొక్కితే తెరుచుకునేలా మార్చండి. ఫారంలో గడుల అక్షరాలు 16 పిక్సెళ్ల కంటే చిన్నవైతే, గడిని తాకగానే ఐఫోన్ సఫారీ పేజీని పెద్దది చేస్తుంది. ఆ కుదుపును ఆపడానికి జూమ్‌ను నిషేధించనక్కరలేదు, అక్షరాలను 16కు పెంచితే చాలు.

10. పూర్తి ఎత్తు భాగాలను సరిచేయండి. తెరంతా నిండే భాగానికి 100 వీహెచ్ (వీహెచ్ అంటే కిటికీ ఎత్తులో నూరో వంతు) ఇస్తే, ఫోన్‌లో చిరునామా పట్టీ కనిపిస్తున్నప్పుడు ఆ భాగం అడుగు కొంత తెర బయటికి పోతుంది. 100 ఎస్‌వీహెచ్ ఇస్తే పట్టీ ఉన్నప్పటి చిన్న ఎత్తే లెక్క, 100 డీవీహెచ్ ఇస్తే పట్టీ కదిలినప్పుడల్లా ఎత్తు మారుతుంది. నేను ఎస్‌వీహెచ్‌నే ఎంచుకుంటాను, చదివే సమయంలో ఏదీ కదలదు కాబట్టి. పాత బ్రౌజర్ల కోసం అంతకు ముందు వరుసలో 100 వీహెచ్‌ను కూడా ఉంచండి.

పేజీ అడ్డంగా జరుగుతుంటే

అన్నీ చేశాక కూడా ఫోన్‌లో పేజీ పక్కకు జరుగుతోంది, కుడివైపు తెల్లటి ఖాళీ కనిపిస్తోంది అనేది అత్యంత సాధారణమైన ఫిర్యాదు. బాడీకి ఓవర్‌ఫ్లో-ఎక్స్ హిడెన్ రాసేయమనే సలహా మీకు ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. దాని జోలికి వెళ్లకండి. పొంగిన భాగం కత్తిరించుకుపోయి, అందులో ఉన్నది ఎవరికీ కనిపించకుండా పోతుంది. అదే నియమాన్ని లోపలి పెట్టెలకు రాస్తే వాటిలోని స్టికీ శీర్షికలు (పేజీని జరిపినా పైనే నిలిచేవి) కూడా అతుక్కోవడం మానేస్తాయి. అసలు దోషిని పట్టుకోవాలి.

ముందు అన్ని ఎలిమెంట్లకూ 1 పిక్సెల్ ఎర్రటి అవుట్‌లైన్ ఇచ్చి చూడండి. బోర్డర్ ఇవ్వకండి, అది చోటు ఆక్రమించి లెక్కను మారుస్తుంది. కుడి అంచు దాటిన గీత కనిపిస్తే అదే మీకు కావలసినది. కనిపించకపోతే బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లోని ఇన్‌స్పెక్టర్‌లో బాడీ లోపలి పెద్ద భాగాలను ఒక్కొక్కటిగా తొలగిస్తూ, ఏది తీసినప్పుడు స్క్రోల్ మాయమైందో చూసి, దాని లోపల మళ్లీ అదే పని చేయండి. ఒకసారి ఒక సాయంత్రమంతా స్టైల్‌షీట్‌ను తిరగేసి వెతికిన తరువాత, ఒక పేరాలో అతికించిన పొడవాటి వెబ్ చిరునామా దోషి అని ఈ పద్ధతిలోనే నాకు రెండు నిమిషాల్లో తెలిసింది.

మామూలుగా దొరికే దోషులు ఇవి. విడ్త్ 100 వీడబ్ల్యూ అని రాసినది: నిలువు స్క్రోల్ పట్టీ చోటు ఆక్రమించే కంప్యూటర్లలో ఆ పట్టీ వెడల్పు కూడా ఇందులో కలుస్తుంది, కాబట్టి 100% అని మార్చండి. ఫ్లెక్స్ వరుసలోని ఎలిమెంట్: తన లోపలి సరుకు కనీస వెడల్పు కంటే అది చిన్నది కావడానికి ఒప్పుకోదు, దానికి మిన్-విడ్త్ 0 ఇవ్వాలి. గ్రిడ్‌లో 1 ఎఫ్ఆర్ కూడా అంతే, అక్కడ మిన్‌మాక్స్‌లో 0, 1 ఎఫ్ఆర్ అని రాయాలి. ఇక తెర బయట దాచిన మెనూ, రుణ విలువ ఇచ్చిన మార్జిన్, కోడ్ చూపించే ప్రీ ట్యాగ్ తరువాతి అనుమానితులు.

ఫలితాన్ని పరీక్షించడం

క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి డెవలపర్ టూల్స్ తెరిచిన తరువాత, కంట్రోల్, షిఫ్ట్, ఎం మీటలను కలిపి నొక్కండి. ఫైర్‌ఫాక్స్‌లో ఆ మూడు మీటలే చాలు. పైన ఉన్న ఫోన్ల పేర్ల జాబితాను వదిలి, రెస్పాన్సివ్ అనే ఎంపికలో పేజీ అంచును పట్టుకుని 320 నుంచి 1920 దాకా నెమ్మదిగా లాగండి. ఎక్కడైనా ఏదైనా ఒరుసుకున్నా, పొంగినా, విరిగినా ఆ అంకెను రాసుకోండి. బ్రౌజర్ కిటికీనే కుదించి చూద్దామంటే అది ఒక హద్దు దాటి చిన్నది కాదు, 320 దాకా రాదు.

ఆ తరువాత మామూలు కిటికీని 1280 వెడల్పులో ఉంచి జూమ్‌ను 400%కు పెంచండి. పేజీకి సరిగ్గా 320 పిక్సెళ్లు మిగులుతాయి. పట్టికల వంటివి మినహా మరేదీ పక్కకు జరపకుండా చదవగలగాలి. 2018లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1 ప్రమాణం కోరేది ఇదే. ఇంకోసారి బ్రౌజర్ సెట్టింగుల్లో అక్షర పరిమాణాన్ని మాత్రమే పెంచి చూడండి. జూమ్‌లో నెగ్గిన పేజీ ఇక్కడ తప్పడం మామూలే, పిక్సెళ్లలో బిగించిన అక్షరాలు పెరగవు.

చివరగా నిజమైన ఫోన్. డెవలపర్ టూల్స్ చూపించేది కంప్యూటర్ బ్రౌజర్‌నే ఫోన్ కొలతల్లో. చిరునామా పట్టీ కదలికలూ కీబోర్డ్ పైకి వచ్చినప్పటి ఇరుకూ అందులో కనిపించవు, ఐఫోన్ సఫారీ ప్రవర్తనా తెలియదు. కంప్యూటర్‌లో లోకల్ సర్వర్ (పేజీలను అక్కడి నుంచే అందించే ప్రోగ్రాం) నడుపుతుంటే, అది నెట్‌వర్క్‌లోని ఇతర పరికరాలకూ జవాబిచ్చేలా అమర్చి, అదే వైఫైలో ఉన్న ఫోన్ నుంచి కంప్యూటర్ ఐపీ చిరునామాతో, పోర్ట్ సంఖ్యతో తెరవండి. ఫోన్‌ను అడ్డంగా తిప్పండి, ఫారంలో ఏదైనా టైపు చేయండి, మెనూ తెరిచి మూయండి. అడ్డంగా తిప్పినప్పుడు పైన అతుక్కుని ఉండే శీర్షిక తెరలో సగం మింగేస్తుంటే, తక్కువ ఎత్తులో దాని స్టికీ గుణాన్ని తీసివేసేలా మాక్స్-హైట్‌తో ఒక మీడియా క్వెరీ రాయాలి.

పాత పేజీని మార్చేవారికి

కొత్త పేజీకి చెప్పిన క్రమాన్ని, ఇప్పటికే నడుస్తున్న పేజీ మీద యథాతథంగా ప్రయోగించకండి. 960 పిక్సెళ్లలో బిగించిన పేజీకి ముందుగా వ్యూపోర్ట్ ట్యాగ్ పెట్టి ప్రచురిస్తే, అంతకు ముందు కుదించుకుని మొత్తంగా కనిపించిన పేజీ ఇప్పుడు ఎడమ మూల మాత్రమే కనిపిస్తూ పక్కకు జరపవలసి వస్తుంది. ట్యాగ్‌ను పరీక్ష ప్రతిలో పెట్టుకుని, 3 నుంచి 8 వరకూ ఉన్న మెట్లను పూర్తి చేసి, 320 పిక్సెళ్ల దగ్గర పేజీ నిలిచిందని రూఢి చేసుకున్న తరువాత సీఎస్ఎస్ మార్పులనూ ట్యాగ్‌నూ ఒకేసారి ప్రచురించండి. పేజీలు చాలా ఉంటే అందరూ ఎక్కువగా తెరిచే పేజీ నమూనాతో మొదలుపెట్టండి, సిద్ధమైన నమూనాలకే ఆ ట్యాగ్‌ను ఇస్తూ పోండి. మిగిలినవి తమ వంతు వచ్చేదాకా పాత పద్ధతిలోనే కుదించుకుని కనిపిస్తాయి.